వెనక్కి తిరిగి చూడని డ్రైవరు

మా మావయ్య ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపాడు; ఆ ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఈ మాటను ఆయన బిరుదులా చెప్పుకునేవాడు, అత్తయ్య అభియోగంలా చదివేది. ఇద్దరి మాటలోనూ నిజముంది గనుక, ఆయన గురించి రాయవలసి వచ్చినప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టడం సబబు.

ఆయన వెనక్కి చూడకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, నమ్మకం. ఆ బస్సులో కండక్టరు మా అత్తయ్యే. ఆ బస్సు పక్క అద్దానికి ఒక జబ్బు ఉండేది. ఇంజను మొదలవగానే చలిజ్వరం వచ్చినట్టు వణికేది; వెనక వస్తున్న ఒకే ఒక్క లారీ అందులో లారీల ఊరేగింపులా కనిపించేది. డిపోలో ఎన్నిసార్లు బిగించినా ఆ వణుకు తగ్గలేదు. అందుచేత వాళ్ళిద్దరూ తమలో తాము ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. ప్రతి స్టాపులోనూ అత్తయ్య వెనక తలుపులోంచి నడుం దాకా బయటికి వంగి, దారి ఖాళీగా ఉందని చూసుకుని, బస్సు పొడవునా కట్టిన తాడు లాగేది. డ్రైవరు చెవి పక్కన గంట ఒకసారి మోగితే ఆగాలి, రెండుసార్లు మోగితే కదలాలి. ఎదరంతా మావయ్యది, వెనకంతా అత్తయ్యది. ప్రపంచాన్ని వాళ్ళు అలా చెరిసగం పంచుకున్నారు. మావయ్య పెళ్ళి ప్రస్తావన తెచ్చినప్పుడు కూడా ఆవిడ నోటితో ఏమీ చెప్పలేదట. నెమ్మదిగా వెనక్కి నడిచి వెళ్ళి, తాడు రెండుసార్లు లాగిందట.

పదవీ విరమణ తర్వాత బస్సు డిపోలోనే ఉండిపోయింది గాని, గంట ఇంటికి వచ్చేసింది. అత్తయ్య గరిటెతో వంటింటి గట్టుమీద రెండుసార్లు కొడితే మావయ్య భోజనానికి లేచేవాడు. ఒకసారి కొడితే, చెబుతున్న కథ ఎంత రసపట్టులో ఉన్నా ఆపేవాడు. ఎవరైనా వచ్చి తలుపు గంట రెండుసార్లు మోగిస్తే, కుర్చీలో కునుకుతున్న మనిషి కళ్ళు తెరవకుండానే కుడికాలు ముందుకు చాచి, లేని యాక్సిలరేటరును తొక్కేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కొలువుతో వచ్చిన బుద్ధి కూడా అంత సులువుగా వదలదని నాకు మావయ్యను చూశాకే తెలిసింది.

ఇలా ఉండగా డిపో మేనేజరు కబురు పెట్టాడు. కొత్తగా చేరిన డ్రైవర్లకు పాఠం చెప్పాలి; పొద్దున బస్సులన్నీ బయటికి వెళ్ళాక, ఖాళీ అయిన ఆవరణలో శిక్షణ. ఆ కబురు విన్న రోజున మావయ్య మొహం పండు వెన్నెలలా ఉంది. ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పటి నుంచి ఆయన ఫ్రిజ్‌కు, బట్టలుతికే యంత్రానికి డ్రైవింగు పాఠాలు చెబుతున్నాడని అత్తయ్య ఫిర్యాదు.

చిక్కల్లా డిపోకు వెళ్ళడంలోనే వచ్చింది. బస్సులో వెళ్ళవచ్చు, కాని మావయ్య బస్సులో ప్రయాణీకుడిగా కూర్చోలేడు. డ్రైవరు బ్రేకు వేయకముందే తను కాలు నేలకేసి నొక్కుతాడు, గేరు మారినప్పుడల్లా "అయ్యో, పాపం" అని నిట్టూరుస్తాడు, మలుపు దగ్గర లేచి నిలబడతాడు. చివరికి ఒక డ్రైవరు బండి పక్కకు ఆపి, చేతులు జోడించాడు. "బాబాయ్, మీరు దిగండి, లేకపోతే నేను దిగుతాను. ఇద్దరం కలిసి ఒక్క బస్సు నడపలేం."

అప్పుడు కొన్నారు సైకిలు.

కాలువ పక్కన, పాత రైలు పట్టాలు తీసేసిన చోట, సైకిళ్ళ కోసమే వేసిన బాట ఒకటి ఉంది. మావయ్య ఇంటి వెనక మొదలై ఊరి మధ్యలోంచి సాగి, ఒక వంతెన కింద దూరి, ఇనుప గుంజలు పాతిన చోట హఠాత్తుగా పెద్దరోడ్డులో కలుస్తుంది. గుంజల అవతల ఒక పక్క మొక్కల అంగడి, వరసగా ఆపిన కార్లు. రోడ్డు వెంట కొంచెం దూరం పోయి అడ్డంగా దాటితే డిపో గేటు. బాట మీద మావయ్యకు తిరుగులేదు. మలుపు రాకముందే చెయ్యి చాపేవాడు, నడిచేవాళ్ళకు దారి ఇచ్చేవాడు, కుక్కపిల్ల అడ్డొస్తే ఆగి దాని క్షేమం కనుక్కునేవాడు. ఇంట గెలిచాడు, రచ్చ గెలవడమే మిగిలింది.

నాది రోడ్ల మీద రాకపోకలను సర్వే చేసే ఉద్యోగం; సైకిలు బాట దిగి రోడ్డెక్కే చోట జనం ఎలా ప్రవర్తిస్తారన్నది ఆ రోజుల్లో నా సర్వే అంశం. అందుకోసం మొక్కల అంగడి పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. కొందరు బాట మీది వేగంతోనే రివ్వున రోడ్డు మీదికి దూసుకెళ్ళేవారు. కొందరు దిగి, సైకిలును పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు నడిపించుకునేవారు. వంతెన కింది నీడలోంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చి, కళ్ళు చిట్లించుకుంటూ గుడ్డిగా కలిసిపోయేవారూ ఉన్నారు. మావయ్య ఈ తరగతులు వేటిలోనూ ఇమడలేదు. గుంజల దగ్గర ఆగి, ఒక కాలు నేలమీద ఆన్చి, ఎదురుగా చూస్తూ కొంగజపం చేసేవాడు. రోడ్డు ఖాళీ అయ్యేది, మళ్ళీ నిండేది, మళ్ళీ ఖాళీ అయ్యేది. ఆయన మాత్రం కదిలేవాడు కాదు.

ఒకరోజు ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళాను.

"మావయ్యా, ఇంతసేపు ఏం చూస్తున్నావు?"

"చూడ్డం లేదమ్మాయ్. వింటున్నా."

"ఏం వింటున్నావు?"

ఆయన చెవి నిమురుకున్నాడు. ఎదురుచూస్తున్నది ఏ గంట కోసమో ఆయనకే అప్పుడు తట్టినట్టుంది.

"పోనీ, అక్కడ జనం నడిచి దాటే చారలున్నాయిగా. దిగి నెట్టుకుంటూ వెళ్ళొచ్చుగా?"

"నెట్టుకుంటూ పోవడానికి నేనేమైనా బ్రేక్‌డౌన్ అయ్యానా? ఆ గేట్లోకి బండి నెట్టుకుంటూ పోతే, నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళు రేపణ్ణుంచి నన్ను క్లీనరనుకుంటారు."

ఆ మరునాడే జరిగింది. మావయ్య యథాప్రకారం గుంజల మధ్య జపంలో ఉన్నాడు. వెనక నుంచి, ఒంటికి అతుక్కుపోయిన పసుపురంగు చొక్కా తొడుక్కున్న యువకుడు ఒకడు వచ్చి, దారికి అడ్డంగా ఉన్న పెద్దమనిషిని చూసి, సైకిలు గంట మోగించాడు. రెండుసార్లు.

ముప్ఫయ్యేళ్ళు ఒక్కసారిగా మావయ్య కాళ్ళలోకి దిగాయి. ఆయన ఆలోచించలేదు, తల తిప్పలేదు, పెడలు తొక్కాడు. వెనక నుంచి వస్తున్న పాల వ్యాను కీచుమంటూ ఆగింది. ఆ చప్పుడుకు మావయ్య సైకిలు పక్కకు తిప్పాడు. తిప్పడం కూడా సైకిలు తిప్పినట్టు కాదు. వెనకాల ఇంకో ముప్ఫై అడుగుల బండి ఉన్నట్టు, విశాలంగా, ఠీవిగా తిప్పాడు. ఆ ఠీవికి సరిపడా చోటు అక్కడ లేదు. మొక్కల అంగడిలో కుండీల వరస మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

మోచెయ్యి గీరుకుపోయింది. అంతకు మించి దెబ్బలేమీ లేవని చూసుకున్నాక, అంగడి ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మొక్క కావాలంటే దిగి అడగొచ్చుగా బాబాయ్!"

మావయ్యకు ఆవిడ మాట వినపడలేదు. కుండీల మధ్య నుంచే పసుపు చొక్కా యువకుణ్ణి వేలెత్తి చూపించాడు. "గంట కొట్టావు!"

"పక్కకి తప్పుకోమని కొట్టానండీ."

"వెనక వ్యాను వస్తుంటే రెండు కొడతావా? నీకు కండక్టరు పని ఎవడిచ్చాడయ్యా?"

"నేను బ్యాంకులో పనిచేస్తానండీ," అన్నాడు యువకుడు అయోమయంగా.

కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. నేను మావయ్యను తీసుకుని వెళ్ళేసరికి, అత్తయ్య సైకిలును పెరటి స్తంభానికి కట్టేయడానికి గొలుసు పట్టుకుని సిద్ధంగా ఉంది. తాళం వేసి, వంటింటి తలుపుకు తగిలించిన తన పాత తోలుసంచిలో తాళంచెవి పడేసింది. ఒకప్పుడు టికెట్లూ చిల్లరా మోసిన ఆ సంచిలో ఇప్పుడు బట్టల క్లిప్పులు ఉంటాయి. అయినా దానిలో చెయ్యి పెట్టే అధికారం ఆవిడకు తప్ప మరెవరికీ లేదు.

"చూడండి డ్రైవరు గారూ," అంది. ఆవిడ ఆయన్ను అలా పిలిచిందంటే కోపం పతాక స్థాయిలో ఉందని అర్థం. "వెనక్కి చూడ్డం వచ్చేదాకా ఈ బండి స్టాండు దాటదు."

"ఈ వారానికి ఎలాగో సెలవు పెట్టినా, సోమవారం నుంచి పాఠం ఎలా చెప్పను? ఇప్పటికే రోజూ ఆలస్యం అవుతోందని మేనేజరు గొణుగుతున్నాడు. నేను రాకపోతే ఆ గేర్లు విరిచే ముసలాణ్ణి పిలుస్తాడు!"

గేర్లు విరిచే ముసలాడంటే డిపోలో ఇంకో పాత డ్రైవరు, మావయ్యకంటే రెండేళ్ళు చిన్న. గేరు మార్చినప్పుడల్లా బస్సు బాధతో అరిచేదని ప్రసిద్ధి. కుర్రాళ్ళు ఆయన చేతిలో పడతారన్న ఊహే మావయ్యకు ప్రాణసంకటం.

"పిలవనీండి. విరిగిన గేరు అతుక్కుంటుంది. మీరు విరిగితే నేనెక్కడ అతికించుకోను?"

మావయ్య ఓటమిని ఒప్పుకునే రకం కాదు. మర్నాడు నేను వెళ్ళేసరికి కట్టేసిన సైకిలు హ్యాండిలుకు ఒక అద్దం బిగిస్తున్నాడు. అది బజారులో దొరికే సైకిలు అద్దం కాదు. వణికే జబ్బున్న ఆ బస్సు అద్దమే. విరమణ రోజున డిపో వాళ్ళు శాలువాతో పాటు దాన్ని కానుకగా ఇచ్చారట. గుమ్మంలో పట్టీ పట్టనంత వెడల్పు ఉంది. మావయ్య స్తంభం దగ్గరే సైకిలు ఎక్కి కూర్చుని ఊగి చూశాడు. అద్దం గడగడా వణికింది.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తయ్య ఆ అద్దంలో తను పదిమందిగా కనిపించడం చూసి, "అప్పుడంటే ఇంజను ఉంది. ఇప్పుడు దేన్ని చూసి వణుకుతోందండీ అది?" అంది.

"నిన్ను చూసే!"

క్లిప్పు ఒకటి గాల్లో ఎగిరి వచ్చి అద్దానికి తగిలింది. ఆ వాయిదా అంతటితో ముగిసింది.

తర్వాతి ప్రతిపాదన నాది. అత్తయ్య వెనక క్యారియరు మీద కూర్చుని, ఆవిడే చూసి గంట కొడితే? అత్తయ్య తాళం తీసింది, ఒకసారి ప్రయత్నించారు. ఫలితం అద్భుతం. గుంజల దగ్గర అత్తయ్య వెనక్కి వంగి చూసి, చేతి గంట రెండుసార్లు మోగించింది. మావయ్య వెన్నలో కత్తిలా రోడ్డులోకి దిగాడు. అయితే అంతకుముందు గుంజల దగ్గర పోగైన సైకిళ్ళను చూసి ఆవిడ అప్రయత్నంగా "జరగండి, జరగండి, ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే" అని అరవడంతో ఇద్దరు భయపడి నిజంగానే జరిగారు. క్యారియరు దారి పొడవునా మూలిగింది. డిపో గేటు దగ్గర దిగి, అత్తయ్య నడుం పట్టుకుంది.

"బావుంది. కాని రోజూ నేనెక్కణ్ణుంచి రాను? నాకూ ఈతకొలనులో టికెట్లిచ్చే పని ఉందిగా, ఆ కిటికీ దగ్గర నా బదులు ఎవరు కూర్చుంటారు? మీ వెనక సగం నేనే మోసుకుంటూ ఎంతకాలమని తిరగను? మీ సగం మీరు నేర్చుకోండి."

అలా మొదలైంది శిక్షణ. డ్రైవర్లకు నేర్పవలసిన మనిషికి కండక్టరు గురువైంది.

పద్ధతి అత్తయ్యదే. పొద్దున్నే జనం పలచగా ఉన్నప్పుడు ఆవిడే తాళం తీసేది, బాట మీదికి వెళ్ళేవాళ్ళం, తిరిగి రాగానే మళ్ళీ తాళం పడేది. మావయ్య సైకిలు మీద ముందుకు సాగిపోవాలి. వెనక నిలబడ్డ అత్తయ్య కేక వేయగానే, బండి గీత తప్పకుండా, తల మాత్రం వెనక్కి తిప్పి, ఆవిడ చేతిలో ఏముందో గట్టిగా చెప్పాలి. అందుకోసం ఆవిడ ఇంటి నుంచి ఒక గోనెసంచి నిండా సామాను మోసుకొచ్చింది.

మొదటి కేకకు మావయ్య తల తిప్పాడు. తలతో పాటు భుజాలు, భుజాలతో పాటు హ్యాండిలు, హ్యాండిలుతో పాటు సైకిలు తిరిగాయి. అన్నీ కలిసి గడ్డిలో పడ్డాయి.

"తల తిప్పమంటే బండంతా తిప్పుతారేం?"

"బస్సంత బండి నడిపినవాణ్ణి. నాకు తల వేరు, బండి వేరు అని ఎప్పుడూ లేదు."

రెండో రోజుకు ఆయన "గరిటె!" అని సరిగ్గా చెప్పాడు. మళ్ళీ కేక వేస్తే మళ్ళీ "గరిటె!" అన్నాడు. మూడోసారి కూడా "గరిటె!" అనేసరికి అత్తయ్య సంచి కింద పడేసి ఆయన దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆవిడ. టికెట్టు లేని ప్రయాణీకుణ్ణి వీపు చూసి పట్టుకున్న చరిత్ర ఉంది.

"మూడోసారి నా చేతిలో ఏమీ లేదు. చూడకుండా చెప్పారు."

"ఏదో అలవాటుగా..."

"ఆ అలవాటే కుండీల మీద కూర్చోబెట్టింది."

ఆ తర్వాత మోసం జరగలేదు. చెయ్యి ఎప్పుడు, ఎంతసేపు చాచాలో చెప్పింది; ఆపిన కార్ల పక్కనుంచి పోయేటప్పుడు తలుపు వెడల్పంత దూరం ఉంచాలని చెప్పింది. "స్టాపు రాకముందే తలుపు తీసేవాళ్ళని ఎంతమందిని చూడలేదు మనం? కారులోనూ వాళ్ళే ఉంటారు." వంతెన నీడలోంచి వెలుతురులోకి వచ్చాక కళ్ళు కుదురుకునేదాకా ఆగాలంది. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఆఖర్న చెప్పింది: "బాట మీద వెనకవాడు గంట కొట్టి చెబుతాడు. రోడ్డు మీద ఎవరూ చెప్పరు. చెప్పినా, మీరు చూడకుండా నమ్మొద్దు." నా సర్వే నివేదికలో నాలుగు పేజీలు పట్టిన సంగతి అది.

శనివారం నాటికి మావయ్య గీత తప్పకుండా పోతూ, మెడ తిప్పి, కాలువ దద్దరిల్లేలా అరుస్తున్నాడు. "గొడుగు! పళ్ళెం! చీపురు! ఎడమ చెప్పు!"

ఆ పక్కనుంచి నడుస్తున్న పెద్దావిడ ఒకరు నా దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆయన అరుస్తున్నారు సరే, సరుకేదీ కనపడదేం? కొంటే ఇంటికి పంపిస్తారా?"

ఆదివారం పరీక్ష. వాహనాలు తక్కువగా ఉండే రోజే గాని బొత్తిగా లేని రోజు కాదు. పరీక్ష చోటు ఆ గుంజలే. మొక్కల అంగడి ఆవిడ ముందుజాగ్రత్తగా కుండీలన్నీ లోపలికి సర్దేసి, స్టూలు వేసుకుని కూర్చుంది. అత్తయ్య తోలుసంచి భుజాన వేసుకుని వచ్చింది. తాళంచెవి అందులో ఉంది. మావయ్య వంతెన నీడలోంచి వచ్చి, గుంజల మధ్య ఆగి, కాలు ఆన్చి, కళ్ళు కుదురుకోనిచ్చాడు. అత్తయ్య ఆయనకు రెండడుగుల వెనక నిలబడింది. ఆయనకు తెలుసు, పరీక్ష పోతే సోమవారం డిపోలో గేర్లు అరుస్తాయి.

అప్పుడు అత్తయ్య సంచిలోంచి చేతి గంట తీసి, నెమ్మదిగా, స్పష్టంగా, రెండుసార్లు కొట్టింది.

మావయ్య కుడికాలు పెడలు మీద బిగుసుకోవడం నేను చూశాను. మోకాలు కదిలింది. ముప్ఫయ్యేళ్ళు వెనక నుంచి తోస్తున్నాయి. అత్తయ్య ఒక చేతిలో గంట ఉంది, రెండో చెయ్యి ముందుకు చాచి ఉంది. ఆయన కదిలితే చొక్కా పట్టి లాగడానికి.

మావయ్య కదల్లేదు. మెడ తిప్పాడు. మెడ మాత్రమే.

ఇసుక లారీ ఒకటి ఆయన ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

మావయ్య గొంతు సవరించుకుని, తప్పు చేసినవాడిలా అన్నాడు.

"నీ గంట మీద నమ్మకం లేక కాదు. చూస్తే లారీ ఉంది."

"ఉందని చూసే కొట్టాను."

"కండక్టరువై ఉండి తప్పుడు గంట కొడతావా?"

"ఇదే మొదటిది, ఇదే ఆఖరిది," అంది అత్తయ్య. గంట సంచిలో పడేసింది. ఆవిడ గొంతులో గెలిచిన సంతోషం ఎంతుందో, ఏదో చేజారిన చిన్నబుచ్చుకోవడం కూడా అంతే ఉంది. "మొత్తానికి నా గంట కూడా లెక్కచేయనంత పెద్దవారయ్యారు."

తాళంచెవి తీసి ఆయన జేబులో వేసింది. బట్టల క్లిప్పు ఒకటి దానితో పాటు వెళ్ళింది, ఇద్దరూ గమనించలేదు.

మావయ్య మళ్ళీ మెడ తిప్పి చూశాడు. ఖాళీ. చెయ్యి చాచి, రోడ్డులోకి దిగి, ఆపిన కార్లకు తలుపంత దూరంలో, గీత గీసినట్టు సాగిపోయాడు. దాటవలసిన చోట మరోసారి వెనక్కి చూశాడు. మంచిదే. డిపో గేటు ముందు, అవసరం లేకున్నా, ఇంకోసారి చూశాడు. అంత దూరం నుంచి కూడా ఆయన కేక మా దాకా వినిపించింది.

"కుడి చెప్పు!"

నేను పక్కకు తిరిగాను. అత్తయ్య నిజంగానే కుడికాలి చెప్పు తీసి గాల్లో ఊపుతూ, రోడ్డు దద్దరిల్లేలా అరుస్తోంది.

"ఇక చాలు, ముందుకు చూడండీ! గేటు!"